చెవిలోపలి జన్యువుల చిట్టా

మన సంస్థలో ఏ విభాగంలో పనిచేసేవారికైనా స్టోర్సు విలువ తెలియనిది కాదు. ఉత్పత్తి గణాంకాలు వార్షిక నివేదికలో ముందు పుటలకు ఎక్కుతాయి. కొత్త యంత్రం వస్తే కొబ్బరికాయ కొట్టి ప్రారంభోత్సవం జరుపుకుంటాము. ఏ అరలో ఏ వస్తువు ఎన్ని ఉన్నవో తెలిపే బిన్ కార్డుకు మాత్రం పూలదండ వేసినవారు లేరు. అయినా అర్ధరాత్రి పంపు ఆగిపోయినప్పుడు, కావలసిన బేరింగు ఎక్కడ ఉన్నదో ఆ కార్డే చెప్పాలి. విజ్ఞానశాస్త్రంలోనూ ఇటువంటి పని ఒకటి ఉన్నది. శరీరంలోని ఒక్కొక్క కణజాలంలో ఏయే జన్యువులు పనిచేస్తున్నవో వెదకి, వరుసగా రాసి, కోరినవారికి అందేటట్లు డేటాబేస్‌గా అమర్చడమే ఆ పని. ఈ సంచికలో ఆ చిట్టాపనిని గురించి, ముఖ్యంగా మన లోపలి చెవికి సంబంధించిన చిట్టాను గురించి ముచ్చటించుకుందాము.

చెవినే ఎన్నుకోవడానికి కారణం ఉన్నది. పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో ఒకరిద్దరికి చెప్పుకోదగిన వినికిడి లోపం ఉంటుంది. వీరిలో దాదాపు సగం మందికో, అంతకు మించినవారికో కారణం జన్యువులలోనే ఉంటుంది. బిడ్డకు వినిపించడం లేదని తెలిసిన ఇంట మొదట పుట్టే ప్రశ్న “ఎందుకిలా జరిగింది?” అన్నది. తగిన సమాధానం దొరకనిచోట దిష్టి, శాపం, పూర్వజన్మ కర్మ అనే మాటలు వచ్చి కూర్చుంటాయి. తరచుగా ఆ నింద తల్లి మీద పడుతుంది. ఆ ప్రశ్నకు నిజమైన సమాధానం చెప్పగల స్థితికి శాస్త్రం రావడానికి ఈ చిట్టాలు ఎంతో తోడ్పడినవి.

ఒకే డ్రాయింగులు, వేర్వేరు షాపులు

ఎర్ర రక్తకణాల వంటి కొన్నింటిని మినహాయిస్తే, మన శరీరంలోని కణాలన్నింటిలోనూ డి.ఎన్.ఏ. రూపంలో ఒకే సమగ్ర సమాచారం ఉంటుంది. అందులో ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చే జన్యువులు సుమారు 20,000. కాలేయంలోనూ అవే, కంటిలోనూ అవే, చెవిలోనూ అవే. మరి కాలేయం కాలేయంగా, చెవి చెవిగా ఎట్లా పనిచేస్తున్నవి?

ఒక పెద్ద కర్మాగారాన్ని ఊహించుకుందాము. ఫౌండ్రీలోనూ, మెషిన్ షాపులోనూ, ఎలక్ట్రికల్ షాపులోనూ ఒక్కొక్క బీరువా ఉన్నది. ప్రతి బీరువాలోనూ కర్మాగారపు డ్రాయింగులన్నీ ఉన్నవి. అయితే ఏ షాపు వారు ఆ షాపు పనికి కావలసిన డ్రాయింగులకు మాత్రమే నకళ్లు తీసి పనివారి బల్లల మీద ఉంచుతారు. మిగిలినవి బీరువాలోనే నిద్రపోతాయి. జీవకణంలో ఆ నకలు పేరు వార్తాహర ఆర్.ఎన్.ఏ. జన్యువు నుండి ఈ నకలు తయారైనప్పుడు ఆ జన్యువు వ్యక్తమవుతున్నదని శాస్త్రజ్ఞులు అంటారు. ఒక షాపులోని బల్లల మీద ఉన్న నకళ్లన్నీ పోగుచేసి చదివితే అక్కడ ఏమేమి తయారవుతున్నదో తెలిసిపోతుంది. కణజాలపు జన్యు చిట్టా అంటే ఇంతే.

చెప్పినంత సులభం కాదు చేయడం. ఆర్.ఎన్.ఏ. మిక్కిలి సున్నితమైనది. మన వేళ్ల మీద ఉండే ఎంజైములే దానిని ముక్కలు చేయగలవు. కణజాలాన్ని సేకరించిన వెంటనే అతిశీతల స్థితిలో భద్రపరచాలి. ఆపైన దానిని నిలకడ గల డి.ఎన్.ఏ.గా తిరిగి రాసుకోవాలి. ఇందుకు ఉపకరించే ఎంజైమును 1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేర్వేరుగా కనుగొన్నారు. 1975లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో వీరిద్దరూ ఉన్నారు. ఈ విధంగా తిరిగి రాసిన డి.ఎన్.ఏ. ముక్కలను బాక్టీరియాలలో ప్రవేశపెట్టి పెంచితే, ఒక్కొక్క బాక్టీరియా సమూహం ఒక్కొక్క నకలును దాచి ఉంచుతుంది. ఆ సమూహాల మొత్తాన్ని “గ్రంథాలయం” అని పిలవడం శాస్త్రజ్ఞులలో వాడుక.

చిట్టా ఎవరి సొత్తు?

1991లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేస్తున్న క్రెయిగ్ వెంటర్ బృందం ఒక చురుకైన మార్గాన్ని ప్రకటించింది. ప్రతి నకలునూ ఆసాంతం చదవనక్కరలేదు. ఒక కొస నుండి కొన్ని వందల అక్షరాలు చదివితే చాలు, దానిని గుర్తుపట్టవచ్చు. పుస్తకం మొత్తం చదవకుండా అట్టమీది పేరు చదివి వరుసపెట్టినట్లే ఇది. మానవ మెదడు గ్రంథాలయం నుండి యాదృచ్ఛికంగా తీసిన 600కు పైగా నకళ్లను ఇట్లా చదివితే, వాటిలో 337 అంతకుముందు తెలియని జన్యువులకు చెందినవని తేలింది.

ఇక్కడే ఒక పెద్ద వివాదం తలెత్తింది. ఆ ముక్కలు ఏ పని చేసే జన్యువులకు చెందినవో ఇంకా తెలియక ముందే ఆ సంస్థ వాటిమీద పేటెంటు హక్కు కోరింది. డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరు, అప్పటికి అమెరికా జీనోమ్ పథకానికి అధిపతి అయిన జేమ్స్ వాట్సన్ ఈ చర్యను తీవ్రంగా వ్యతిరేకించారు. సంస్థ అధిపతితో ఏర్పడిన విభేదాల నేపథ్యంలో 1992లో ఆయన పదవిని వదులుకున్నారు. ఆ సంవత్సరమే పేటెంటు కార్యాలయం దరఖాస్తును తిరస్కరించింది. 1994లో సంస్థ తన ప్రయత్నాన్ని విరమించుకున్నది.

అదే కాలంలో దీనికి ఎదురుగా మరొక ధోరణి బలపడింది. 1992లో ఈ ముక్కలన్నింటినీ ఒకచోట చేర్చే బహిరంగ డేటాబేస్ అమెరికాలో ఏర్పడింది. 1994లో మెర్క్ అనే ఔషధ సంస్థ తానే ధనమిచ్చి, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం చేత లక్షలాది ముక్కలను చదివించి, ఎవరైనా వాడుకొనేటట్లు ప్రకటింపజేసే కార్యక్రమం చేపట్టింది. 1995 నుండి ఆ సమాచారం వెలువడసాగింది. ప్రత్యర్థి సంస్థలు పేర్లను తాళం వేసి దాచుకోకముందే అందరి ముందూ పరచడం తనకూ లాభమేనని ఆ సంస్థ గ్రహించింది. ఉమ్మడి బావి పూడిపోకుండా చూడడం ఊరిలోని భాగ్యవంతునికి కూడా అవసరమే కదా!

బఠాణీ గింజంత కర్మాగారం

ఇప్పుడు చెవి దగ్గరకు వద్దాము. శబ్ద తరంగాలను నాడీ సంకేతాలుగా మార్చే కర్ణావర్తం నత్తగుల్ల ఆకారంలో, సుమారు బఠాణీ గింజంత ఉంటుంది. కణత ఎముకలో, శరీరంలోని ఎముకలలోకెల్ల మిక్కిలి గట్టిదైన భాగంలో అది పొదిగి ఉన్నది. వినికిడికి మూలమైన రోమకణాలు ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 మాత్రమే. కంటి రెటీనాలో కాంతిని గ్రహించే కణాలు 10 కోట్లకు పైబడి ఉన్నవని గుర్తుచేసుకుంటే చెవి ఎంత పొదుపైన అవయవమో తెలుస్తుంది. పైగా ఈ రోమకణాలు ఒకసారి నశిస్తే మానవులలో తిరిగి పుట్టవు.

కాలేయం నుండి చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు. చర్మం నుండి తీయవచ్చు. లోపలి చెవి నుండి తీయడం అంటే వినికిడినే పోగొట్టడం. మరణానంతరం తీయాలన్నా, ఎముకను తొలిచి అక్కడికి చేరేలోపల ఆర్.ఎన్.ఏ. శిథిలమైపోతుంది. కనుకనే అనేక అవయవాల జన్యువులు జాబితాలకెక్కుతున్న రోజులలో కూడా చెవి వెనుకబడి ఉన్నది.

ఈ చిక్కును దాటడానికి బోస్టన్‌లో సింథియా మోర్టన్ నాయకత్వంలోని బృందం ఒక మార్గం ఎన్నుకున్నది. గర్భస్రావానంతరం, పరిశోధనా నిబంధనలకు లోబడి స్వీకరించిన పిండ కర్ణావర్తాల నుండి వారు ఒక గ్రంథాలయాన్ని నిర్మించి, 1994లో దాని వివరాలు ప్రచురించారు. ఏ కణానికైనా తప్పనిసరి అయిన జన్యువుల నకళ్లు అందులో కుప్పలుగా ఉంటాయి. వాటితో ఇక్కడ ప్రయోజనం లేదు. అందుచేత మెదడులో కూడా కనిపించే నకళ్లను వేరుచేసి పక్కకు తొలగించారు. చెవికి ప్రత్యేకమైనవి మిగిలినవి. బియ్యంలో రాళ్లు ఏరడం మనకు తెలుసు. ఇది రాళ్లలో బియ్యం ఏరడం వంటిది.

మిగిలినవాటిలో ఒకదానికి వారు “కాక్-5బి2” అని గుర్తు పెట్టుకున్నారు. అది పేరు కాదు, అరలోని వస్తువు సంఖ్య. దాని పని ఏమిటో ఎవరికీ తెలియదు. చెవిలో మాత్రం అది మెండుగా ఉన్నది.

ఇంతలో మరొక వైపు నుండి ఒక సమాచారం వచ్చింది. కొన్ని కుటుంబాలలో నడివయసు వచ్చేసరికి వినికిడి క్రమంగా తగ్గిపోవడం, దానితోపాటు తూలిపడడం, కళ్లు తిరగడం వంశపారంపర్యంగా సాగుతున్నవి. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ రెండింట ఒక వంతు అవకాశంతో సంక్రమించే వ్యాధి ఇది. దానికి కారణమైన జన్యువు 14వ క్రోమోజోములో ఒకచోట ఉండవచ్చునని 1996లో తేలింది. కాని ఆ “ఒకచోట” అనేది ఒక పెద్ద పేట వంటిది. అందులో ఎన్నో ఇళ్లు ఉన్నవి. 1997లో మోర్టన్ బృందం తమ కాక్-5బి2 ఉనికిని వెదకగా, అదీ ఆ పేటలోనే కనిపించింది. వ్యాధిగ్రస్త కుటుంబాలలో ఆ జన్యువును అక్షరమక్షరం చదివి, అందులోని దోషాలే వ్యాధికి కారణమని 1998లో ప్రకటించారు. దానినుండి తయారయ్యే ప్రోటీనుకు కాక్లిన్ అని పేరు వచ్చింది. లోపలి చెవిలోని ప్రోటీన్లలో అది మిక్కిలి సమృద్ధమైన వాటిలో ఒకటని తరువాత తెలిసింది. బెల్జియం, నెదర్లాండ్స్ దేశాలలో ఎన్నో కుటుంబాలకు ఒకే పూర్వికుని నుండి ఈ జన్యువులోని ఒకే దోషం సంక్రమించినట్లు బయటపడింది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. 1994లో ఆ సంఖ్య రాసుకున్ననాడు ఈ వ్యాధి సంగతి వారి మనసులో లేదు. ఎప్పటికో పనికివస్తుందని వస్తువును సరైన అరలో, సరైన గుర్తుతో ఉంచారు. అవసరం వచ్చిననాడు అది చేతికి అందింది. 1999 నాటికి ఆ గ్రంథాలయం నుండి 4,000కు పైగా ముక్కలను చదివి, చెవుడుకు కారణం కాదగిన జన్యువులను వెదికేందుకు పరిశోధకుల ముందుంచారు.

ఏ జన్యువు, ఏ కణంలో?

పద్ధతులు మారినవి. ఈనాడు లక్షలాది నకళ్లను ఒకేసారి చదవవచ్చు. ఒక్కొక్క కణాన్ని విడదీసి దాని చిట్టాను విడిగా రాయవచ్చు. ఎలుకపిల్లల చెవిలో రోమకణాలు మాత్రమే పచ్చగా వెలిగేటట్లు చేసి, వాటిని చుట్టుపక్కల కణాల నుండి వేరుచేసి, రెండింటి చిట్టాలనూ హార్వర్డ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు బహిరంగ డేటాబేస్‌గా 2015లో ప్రచురించారు. మేరీలాండ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా, ప్రోగ్రాములు రాయడం తెలియని జీవశాస్త్రజ్ఞులు కూడా వాడుకోదగిన మరొక వేదిక నెలకొన్నది. దాని వివరాలు 2021లో వెలువడినవి.

ఏ కణంలో అన్న ప్రశ్న ఎందుకంత ముఖ్యమో రెండు ఉదాహరణలు చూద్దాము. పుట్టుచెవుడుకు సంబంధించి మిక్కిలి ప్రసిద్ధమైన జన్యువు కనెక్సిన్-26. చెవుడుతో దాని సంబంధం 1997లో స్థిరపడింది. ఇది పనిచేసేది రోమకణాలలో కాదు, వాటికి ఆసరాగా నిలిచే కణాలలో. ఆ కణాల నడుమ చిన్న చిన్న ద్వారాలను ఏర్పరచడం దీని పని. రెండవది ఓటోఫెర్లిన్. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో క్రిస్టీన్ పెటి బృందం 1999లో దీనిని గుర్తించింది. ఇది లోపించిన చెవిలో రోమకణం సజీవంగానే ఉంటుంది, శబ్దాన్ని గ్రహిస్తుంది. కాని ఆ వార్తను నాడికి అందించలేదు. టెలిఫోను పనిచేస్తూ తీగ తెగినట్లు ఉంటుంది ఆ స్థితి.

కణమే నశించిపోతే చేయగలిగింది తక్కువ. కణం బతికి ఉండి ఒక్క డ్రాయింగు మాత్రమే చెడితే, మంచి నకలును అక్కడికి పంపవచ్చు కదా! ఓటోఫెర్లిన్ జన్యువు చాలా పొడవైనది కావడంతో దానిని రెండు భాగాలుగా చేసి, హానిచేయని వైరస్‌లలో పెట్టి, చైనాలోని షాంఘైలో పిల్లల చెవులలోకి ఎక్కించారు. 2024 జనవరిలో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం, చికిత్స పొందిన 6గురు పిల్లలలో 5గురికి వినికిడి వచ్చింది. ఇది ఒక్క జన్యువుకు సంబంధించిన చికిత్స మాత్రమే. చెవుడుకు కారణమైన జన్యువులు ఇప్పటికి నూరుకు పైగా తెలిసినవి. ప్రతిదానికీ ఇంతటి సులువైన మార్గం ఉంటుందని ఆశ పెట్టరాదు.

చిట్టా చెప్పనివి

ఏ చిట్టాకైనా పరిమితులు ఉంటాయి. ఒక నకలు బల్లమీద కనిపించినంత మాత్రాన ఆ వస్తువు తయారై బయటకు వెళ్లినదని అర్థం కాదు. ఎలుక చెవి మనిషి చెవి కాదు. కణజాలాన్ని తీసేటప్పుడు పక్కనున్న ఎముకో, రక్తమో కలిస్తే ఆ జన్యువులు కూడా చెవివేనని రాసుకొనే ప్రమాదం ఉన్నది. అందుచేత నమూనా ఎప్పుడు, ఎక్కడినుండి, ఏ వయసువారి నుండి, ఎంత వ్యవధిలో తీసినదో రాయడం జన్యువుల పేర్లు రాయడం కంటే తక్కువ పని కాదు. చీటీ తప్పితే సరుకు ఎంత మేలైనదైనా వ్యర్థమే.

ఇంకొక పెద్ద కొరత ఉన్నది. మానవ కణజాలాల చిట్టాలలో ప్రసిద్ధమైన జీటెక్స్ పథకం 2020లో ప్రకటించిన విడతలో 948 మంది దాతల నుండి 54 రకాల నమూనాలు ఉన్నవి. ఆ దాతలు మరణించినవారు. దుఃఖంలో ఉన్న కుటుంబాలు కొద్ది గంటలలోనే సమ్మతి తెలిపితేనే ఆ నమూనాలు దక్కినవి. ఆ ఉదారతకు మనం చేతులెత్తి నమస్కరించాలి. అయినా ఆ 54లో లోపలి చెవి లేదు. దాతలలో సుమారు 85 శాతం ఐరోపా సంతతివారు. మన దేశీయుల జన్యువులను అటువంటి చిట్టాతో మాత్రమే తూచడం సరిపోదు.

ఈ లోటు తీర్చే దిశగా మన దేశంలో ఒక అడుగు పడినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.తో సహా 20 సంస్థలు పాల్గొన్న జీనోమ్ ఇండియా పథకం 10,000 మంది భారతీయుల జీనోములను చదివింది. 2025 జనవరిలో ఆ సమాచారం పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఇది బీరువాలోని డ్రాయింగుల లెక్క. ఏ షాపులో ఏ డ్రాయింగు వాడుతున్నారన్న లెక్క ఇంకొక పని. రెండూ కలిసినప్పుడే మన కుటుంబాల ప్రశ్నలకు పూర్తి సమాధానాలు దొరుకుతాయి.

మన ఇళ్లకు సంబంధించి

కనెక్సిన్-26లో భారతీయులలో తరచుగా కనిపించే ఒక నిర్దిష్ట దోషాన్ని పరిశోధకులు గుర్తించారు. ఈ చెవుడు సాధారణంగా అంతర్గతంగా సంక్రమిస్తుంది. అనగా తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు నకళ్లూ చెడినప్పుడే బిడ్డకు లోపం కలుగుతుంది. ఒక్కొక్క చెడు నకలు మోస్తున్న తల్లిదండ్రులకు వినికిడి మామూలుగానే ఉంటుంది. వారికి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నది. మేనరికాలలో, దగ్గరి సంబంధాలలో ఇద్దరిలోనూ ఒకే పూర్వికుని చెడు నకలు ఉండే అవకాశం పెరుగుతుంది. తెలుగునాట ఈ వివాహాలు అనాదిగా ఉన్నవే. ఇందులో ఎవరినీ నిందించవలసిన పని లేదు. తల్లి వాటా ఎంతో తండ్రి వాటా అంతే. కాని కుటుంబంలో చెవుడు ఉన్నవారు మేనరికం తలపెట్టేముందు జన్యు సలహాదారుని సంప్రదించడం వివేకవంతుల లక్షణం.

అన్నింటికంటె ముఖ్యమైనది కాలం. శిశువు మొదటి నెలలోనే వినికిడి పరీక్ష, అనుమానం ఉంటే మూడవ నెలలోపు నిర్ధారణ, లోపం తేలితే ఆరవ నెలలోపు చికిత్స లేక శ్రవణ సహాయం ప్రారంభం కావాలన్నది నిపుణులు సూచించే క్రమం. పరీక్షకు నొప్పి లేదు. నిద్రిస్తున్న పసిబిడ్డ చెవిలో మెత్తని చిన్న గొట్టం ఉంచి కొద్ది నిమిషాలలో చేయవచ్చు. “మగపిల్లలకు మాటలు ఆలస్యం, మేనమామకూ ఇట్లాగే వచ్చినవి” అని పెద్దలు సర్దిచెప్పే మాటలు వాత్సల్యంతో అన్నవే అయినా, ఆ వాత్సల్యం బిడ్డకు రెండు మూడు అమూల్య సంవత్సరాలను పోగొట్టవచ్చు. మెదడు మాటను నేర్చుకొనే కాలం ఎవరికోసమూ ఆగదు.

యంత్రాల రొద నడుమ పనిచేసే ఉద్యోగ మిత్రులకు కూడా ఒక మాట. పుట్టుకతో వచ్చిన దోషాన్ని ఏదో ఒకనాడు సరిదిద్దవచ్చునేమో కాని, ధ్వని దెబ్బకు రాలిపోయిన రోమకణాన్ని తిరిగి మొలిపించే మందు ఇంతవరకు లేదు. భద్రతా విభాగం ఇచ్చే చెవి రక్షకాలను జేబులో కాక చెవులలో ఉంచుకోవలసిందిగా మా మనవి. మీ ఇంటనో, బంధువుల ఇంటనో ఈ నెలలో కొత్తగా బిడ్డ పుట్టి ఉంటే, బారసాల ముహూర్తంతో పాటు వినికిడి పరీక్షకు కూడా ఒక తేదీ నిర్ణయించుకోండి.